మా షాపు సైట్‌లో నేనే ఒక చీర కొనలేకపోయాను

ఆన్‌లైన్ షాపు పెట్టాలంటే ముందు ఏం చూసుకోవాలి అని మీలో చాలామంది అడుగుతున్నారు. మామూలుగా అయితే నేను డొమైన్, పేమెంట్, కొరియర్ అని మొదలుపెట్టేవాణ్ణి. ఇవాళ వాటికంటే ముందు చెప్పాల్సిన విషయం ఒకటి ఉంది. అది నాకు కూడా షాపు పెట్టిన రెండేళ్ల తర్వాత, ఒక ఫోన్ కాల్ వల్ల తెలిసింది.

మీకు తెలుసు కదా, నేనూ మా అక్కా కలిసి మంగళగిరి చేనేత చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతాం. చీరలు తేవడం, ఫొటోలు తీయడం అక్క పని. వెబ్‌సైట్ నాది. సైట్ చూసినవాళ్లంతా బాగుంది అనేవాళ్లు. లేత గోధుమ రంగు మీద బంగారు రంగు అక్షరాలు, పెద్ద పెద్ద ఫొటోలు, పక్కకి జరిగే బ్యానర్లు. నాకు కూడా భలే గర్వంగా ఉండేది.

ఉగాదికి ఇంకా మూడు వారాలుందనగా మధ్యాహ్నం పూట ఒకమ్మాయి ఫోన్ చేసింది. "అన్నా, నాకు చూపు లేదు. మీ సైట్‌లో మా అమ్మకి చీర కొందామని గంట నుంచి చూస్తున్నా. ఫోన్ నాకు ఇమేజ్, ఇమేజ్, బటన్, బటన్ అని చదువుతోంది. ఏది చీరో ఏది బటనో తెలీడం లేదు" అంది.

నేను వెంటనే, "అయ్యో, దానికేముందమ్మా, మీకు ఏ రంగు కావాలో చెప్పండి, నేనే ఒకటి చూసి పంపించేస్తాను" అన్నాను. మంచి మాటే అన్నాననుకున్నా. ఆ అమ్మాయి కాసేపు ఆగి, "మీరు చూసి పంపిస్తే మీరు కొన్నట్టు అన్నా, నేను కొన్నట్టు కాదు కదా. ఇది నా మొదటి జీతం" అంది.

తను అప్పుడే ఒక బ్యాంకులో ఉద్యోగంలో చేరిందట. లేడీస్ హాస్టల్‌లో ఉంటోంది. పక్క రూమ్ అమ్మాయి సాయం తీసుకోవచ్చు కదా అని అడిగా. దానికి తను చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తుంది. "తీసుకోవచ్చన్నా. కానీ కార్డు నంబరు, ఓటీపీ ఆ అమ్మాయి చేతిలో పెట్టాలి. ఓటీపీ ఎవరికీ చెప్పకండి అని రోజంతా బ్యాంకులో కస్టమర్లకి చెప్పేది నేనే."

ఏం మాట్లాడాలో తెలీలేదు. రెండు వారాలు టైమ్ ఇవ్వమ్మా, సరిచేస్తా అన్నాను. సరే అంది.

కళ్లు మూసుకుని కొనడానికి ట్రై చేశా

ఆ రాత్రి నా ఫోన్‌లో టాక్‌బ్యాక్ ఆన్ చేశాను. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండే స్క్రీన్ రీడర్ అది, అంటే తెర మీద ఉన్నదాన్ని గొంతుతో చదివి వినిపించేది. ఐఫోన్‌లో దాన్ని వాయిస్‌ఓవర్ అంటారు. కంప్యూటర్‌లో అయితే ఎన్‌వీడీఏ అని ఉచితంగా దొరుకుతుంది. మనందరి ఫోన్లలో ఇది ముందు నుంచే ఉంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్తే కనిపిస్తుంది. మనం ఎప్పుడూ తెరవం, అంతే.

ఇది ఆన్ చేశాక ఫోన్ వాడే తీరు మారిపోతుంది. ఒకసారి తాకితే అది ఏంటో చదువుతుంది. అది నొక్కాలంటే రెండుసార్లు తట్టాలి. కుడి వైపుకి స్వైప్ చేస్తే తర్వాతి వస్తువుకి వెళ్తుంది. స్క్రోల్ చేయాలంటే రెండు వేళ్లు కావాలి. ఆన్ చేసే ముందు వాల్యూమ్ బటన్ల షార్ట్‌కట్ పెట్టుకోండి. రెండు బటన్లూ కలిపి కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే ఆఫ్ అవుతుంది. నేను పెట్టుకోలేదు, ఆఫ్ చేయడానికే పది నిమిషాలు తంటాలు పడ్డాను.

సరే, కళ్లు మూసుకుని మా సైట్ తెరిచాను. ముందు ఒక పాపప్ వచ్చింది, మొదటి ఆర్డర్‌కి డిస్కౌంట్ అని. దాన్ని మూసే ఇంటూ గుర్తు కోసం ఎంత స్వైప్ చేసినా దొరకలేదు. ఫోన్ ఏమో పాపప్ వెనకాల ఉన్న పేజీని చదువుకుంటూ పోతోంది. కళ్లు తెరిచి దాన్ని మూసేసి, మళ్లీ కళ్లు మూసుకున్నా. చీరల పేజీకి వస్తే "ఐఎంజీ 4782" అంటోంది. అంటే అక్క కెమెరా ఇచ్చిన ఫైల్ పేరు. తర్వాత "బటన్". ఏ బటనో చెప్పదు. కార్ట్ బొమ్మ ఉన్న బటన్ అది. దాని పక్కన హృదయం గుర్తు. చూసేవాళ్లకి బొమ్మ చాలు. బొమ్మకి పేరు పెట్టకపోతే వినేవాళ్లకి రెండూ ఒకటే.

రంగు ఎంచుకునే చోట చిన్న చిన్న గుండ్రటి చుక్కలు పెట్టా. వాటిని అసలు చదవనే లేదు. అడ్రస్ ఫారమ్‌లో ఏదో తప్పు కొడితే ఆ గడి చుట్టూ ఎర్ర గీత వస్తుంది, అంతే. ఫోన్ ఏమీ అనలేదు. నేను మూడుసార్లు ఆర్డర్ బటన్ నొక్కి, ఎందుకు ముందుకి వెళ్లడం లేదో తెలీక ఆగిపోయా. ఆ సైట్ కట్టింది నేనే. ఏది ఎక్కడుందో అంతా నాకు తెలుసు. నేనే ఒక చీర కొనలేకపోయాను.

ఇది మా ఒక్కరి సంగతేనా

కాదు. వెబ్‌ఎయిమ్ అనే సంస్థ ఏటా పది లక్షల వెబ్‌సైట్ల హోమ్ పేజీలు పరిశీలిస్తుంది. 2025లో వాటిలో 94.8 శాతం పేజీల్లో తప్పులు దొరికాయి. అదీ మెషీన్‌కి దొరికే తప్పులు మాత్రమే. వాటిలో ఎక్కువగా కనిపించేది ఏంటో తెలుసా? వెనక రంగులో కలిసిపోయే అక్షరాలు. గోధుమ రంగు మీద బంగారు రంగు పెట్టిన నాలాంటివాళ్ల పని.

మన దేశంలో 2011 జనాభా లెక్కల ప్రకారం వికలాంగులు 2 కోట్ల 68 లక్షల మంది. ఆ తర్వాత 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అంతకుముందు 1995 చట్టంలో ఉన్నవి ఏడే. ఇక్కడ ఒక మాట. ఇది చూపు లేనివాళ్ల గురించి మాత్రమే కాదు. వినపడనివాళ్లున్నారు, చేతులు వణికేవాళ్లున్నారు, అక్షరాలు చదవడం కష్టమయ్యేవాళ్లున్నారు, రంగుల తేడా తెలియనివాళ్లున్నారు. చెయ్యి విరిగి కట్టు కట్టించుకుంటే నెలరోజుల పాటు మీరూ ఒంటి చేత్తోనే ఫోన్ వాడాలి. మిట్టమధ్యాహ్నం ఎండలో బస్టాప్‌లో నిలబడితే నా బంగారు అక్షరాలు మీకూ కనపడవు.

మరి దీనికి రూల్స్ ఏమైనా ఉన్నాయా అంటే, ఉన్నాయి. వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ అనే సంస్థ వెబ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాలు ఇచ్చింది. మొదటిది 1999లో, ఇప్పటి 2.2 వెర్షన్ 2023 అక్టోబర్‌లో వచ్చాయి. పేరు పెద్దగా ఉన్నా లోపలున్నది నాలుగు మాటలే. పేజీలో ఉన్నది చూసో వినో తెలుసుకోగలగాలి. మౌస్ లేకపోయినా, వేలు సరిగ్గా పడకపోయినా వాడగలగాలి. చదివితే అర్థం కావాలి. స్క్రీన్ రీడర్ లాంటి పరికరాలతో కూడా సరిగ్గా పనిచేయాలి. మన దేశానికి కూడా ఐఎస్ 17802 అని భారతీయ ప్రమాణాల సంస్థ ఇచ్చిన ప్రమాణం ఉంది.

మేం ఏమేం మార్చాం

ఇప్పుడు అసలు పని. ఒక్కొక్కటిగా చెప్తాను, షాపు ఉన్నవాళ్లు రాసుకోండి.

మొదటిది బటన్లు. మా సైట్‌లో సగం బటన్లు నిజంగా బటన్లు కావు. మామూలు పెట్టె గీసి, దాన్ని నొక్కితే పనిచేసేలా కోడ్ రాశాను. చూడ్డానికి తేడా ఉండదు. స్క్రీన్ రీడర్‌కి మాత్రం అది ఉత్త పెట్టె. వాటన్నిటినీ అసలైన బటన్ ట్యాగ్‌లోకి మార్చా. బొమ్మ మాత్రమే ఉన్న వాటికి పేరు ఇచ్చాను. ఇప్పుడు "కార్ట్, 2 వస్తువులు, బటన్" అని చదువుతుంది.

రెండోది పాపప్. అది తెరుచుకోగానే చదవడం దానిలోకే రావాలి, మూసే బటన్ అందాలి, మూశాక మనం ముందు ఎక్కడున్నామో అక్కడికే తిరిగి రావాలి. నేను దాన్ని తీసిపారేశాను. అక్క నాలుగు రోజులు గొణిగింది గానీ డిస్కౌంట్ మాటని పేజీలోనే పైన ఒక లైన్‌లో పెట్టాం.

మూడోది ఫారమ్. గడి లోపల లేత అక్షరాల్లో "ఫోన్ నంబర్" అని పెడతాం కదా, టైప్ చేయడం మొదలుపెట్టగానే అది మాయమైపోతుంది. గడి పైన విడిగా పేరు ఉండాలి, ఆ పేరు కోడ్‌లో ఆ గడికి ముడిపడి ఉండాలి. తప్పు వస్తే ఎర్ర గీతతో సరిపెట్టకుండా మాటల్లో చెప్పాలి. "పిన్‌కోడ్‌లో 6 అంకెలుండాలి, మీరు 5 కొట్టారు" అని రాస్తే ఎవరికైనా అర్థమవుతుంది.

నాలుగోది రంగులు. అక్షరానికీ వెనక రంగుకీ ఉండే తేడాని కాంట్రాస్ట్ అంటారు. మామూలు అక్షరాలకి అది కనీసం 4.5కి 1 ఉండాలి, పెద్ద అక్షరాలకి 3కి 1. లెక్క మనం వెయ్యక్కర్లేదు, కాంట్రాస్ట్ చెకర్లు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. నా బంగారు రంగు ఘోరంగా ఫెయిల్ అయింది. ముదురు గోధుమ రంగుకి మార్చా. ఇంకోటి, స్టాక్ లేని చీరని కేవలం బూడిద రంగులో చూపించేవాళ్లం. ఇప్పుడు "స్టాక్ లేదు" అని రాసి ఉంటుంది.

ఐదోది సైజు. పక్కపక్కనే ఇరుకుగా ఉన్న చిన్న బటన్లు వేలు వణికేవాళ్లకి నరకం. కొత్త ప్రమాణంలో కనీసం 24 బై 24 పిక్సెల్స్ అని ఉంది. నేను 44 పెట్టా. ధర కోసం లాగే స్లైడర్ ఉండేది, దాని పక్కనే అంకెలు కొట్టే గడి కూడా పెట్టాం. దానంతట అదే జరిగే బ్యానర్‌కి ఆపే బటన్ పెట్టాం.

ఆరోది తెలుగు. ఇది మన తెలుగువాళ్లం బాగా చేసే తప్పు. మా రిటర్న్ పాలసీ మొత్తం ఒక పోస్టర్. డీటీపీ షాపులో పాత ఫాంట్‌తో కొట్టించి, బొమ్మ చేసి సైట్‌లో పెట్టాం. స్క్రీన్ రీడర్‌కి అది అక్షరాలు కాదు, ఒక ఫొటో. పాత ఫాంట్లలో కొట్టిన అక్షరాల్ని నేరుగా కాపీ చేసి పెట్టినా పనికిరావు, పిచ్చి గుర్తుల్లా వస్తాయి. యూనికోడ్‌లో, అంటే మనం ఫోన్‌లో టైప్ చేసే తెలుగులో రాయాలి. పేజీ కోడ్‌లో భాష తెలుగు అని కూడా చెప్పాలి. లేకపోతే చాలాసార్లు ఇంగ్లీష్ గొంతు తెలుగుని చదవబోయి తడబడుతుంది, లేదా వదిలేస్తుంది.

ఏడోది వీడియోలు, కస్టమర్ కేర్. అక్క చీర కట్టి చూపిస్తూ మాట్లాడే వీడియోలకి కింద అక్షరాలు వేశాం. సమస్య వస్తే ఫోన్ చేయండి అని ఒక్క నంబరే ఉండేది. వినపడని మనిషి ఫోన్ ఎలా చేస్తాడు? మెసేజ్, ఈమెయిల్ కూడా పెట్టాం.

నూటికి నూరు వచ్చినా తప్పే

అసలు కష్టం ఫొటోల దగ్గర వచ్చింది. ప్రతి ఫొటోకి ఆల్ట్ టెక్స్ట్ అని ఒకటి రాయాలి, అంటే ఫొటోలో ఏముందో మాటల్లో. మా దగ్గర 140 చీరలు, ఒక్కోదానికి నాలుగు ఫొటోలు. టైమ్ లేదని నేనొక తెలివైన పని చేశా. అన్నిటికీ ఒకేసారి "మంగళగిరి చీర" అని పెట్టేశాను. క్రోమ్‌లో లైట్‌హౌస్ అనే టెస్ట్ ఉంటుంది, దాన్ని నడిపితే యాక్సెసిబిలిటీకి నూటికి నూరు చూపించింది. స్క్రీన్‌షాట్ తీసుకున్నా కూడా.

ఆ అమ్మాయికి ఫోన్ చేసి, చూడమ్మా అయిపోయింది అన్నా. పావుగంట తర్వాత తిరిగి చేసింది. "అన్నా, బటన్లన్నీ బాగా చదువుతోంది, థ్యాంక్స్. కానీ మంగళగిరి చీర, మంగళగిరి చీర అని 140 సార్లు విన్నాను. దాంట్లో మా అమ్మకి ఏది తీసుకోవాలి?"

ఆల్ట్ టెక్స్ట్ ఉందా లేదా అనేదే మెషీన్ చూస్తుంది. అందులో పనికొచ్చే మాట ఉందా అనేది దానికి తెలీదు. అది మనిషే చెప్పాలి. ఆ అమ్మాయికి పదేళ్ల వయసు దాకా చూపు ఉందట. "ఆకుపచ్చ అని రాస్తే సరిపోదన్నా, చిలకపచ్చా, మామిడాకు పచ్చా? మా అమ్మకి చిలకపచ్చ నచ్చదు" అంది.

అప్పుడు అక్కని కూర్చోబెట్టాను. నేను ఊదా అన్నది అక్కకి వంకాయ రంగు. నేను గులాబీ అన్నది ఉల్లిపొర రంగు. నెమలికంఠం, కనకాంబరం, తేనె రంగు, గచ్చకాయ రంగు... అక్క చెప్తుంటే నేను టైప్ చేశా. "మామిడాకు పచ్చ మంగళగిరి కాటన్ చీర, వేలెడంత జరీ అంచు, పల్లూ మీద అడ్డంగా జరీ చారలు." ఇలా తొమ్మిది రాత్రులు పట్టింది. ఊరికే అలంకారానికి పెట్టిన పువ్వుల డిజైన్ లాంటి బొమ్మలకి మాత్రం ఆల్ట్ ఖాళీగా వదిలేయాలి, అప్పుడు స్క్రీన్ రీడర్ వాటిని దాటేస్తుంది. అన్నీ చదివితే అదో గోల.

మధ్యలో ఒక ఫ్రెండ్, "ఎందుకురా ఇంత కష్టం, ఒక్క లైన్ కోడ్ పెడితే సైట్ మొత్తాన్ని సరిచేసే ప్లగిన్లు ఉన్నాయి" అన్నాడు. అలాంటి మాట చెప్పి అమ్మిన ఒక కంపెనీ మీద, చెప్పినంత పని అది చేయదని, అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో చర్య తీసుకుంది. పది లక్షల డాలర్లు కట్టమంది. కాబట్టి అడ్డదారి లేదు.

చట్టం ఏమంటోంది

2016 చట్టం సర్వీసు ఇచ్చేది ప్రభుత్వమైనా ప్రైవేటైనా అందరికీ అందేలా ఉండాలనే అంటోంది. 2024 నవంబర్‌లో రాజీవ్ రాటూరి కేసులో సుప్రీంకోర్టు, ఈ నియమాలు ఇష్టముంటే పాటించే సలహాల్లా ఉండకూడదు, తప్పనిసరిగా ఉండాలి అని చెప్పింది. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో ఇంకో తీర్పు. యాసిడ్ దాడికి గురైనవాళ్లని కేవైసీ కోసం కెమెరా ముందు కనురెప్ప ఆర్పమంటే ఎలా ఆర్పుతారు? డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని కోర్టు చెప్పింది. అమెరికాలో టార్గెట్ అనే పెద్ద షాపుల కంపెనీ మీద 2006లోనే చూపు లేనివాళ్ల సంఘం కేసు వేసింది. 2008లో 60 లక్షల డాలర్లకి రాజీ కుదిరింది. యూరప్‌లో 2025 జూన్ 28 నుంచి ఆన్‌లైన్ షాపులకి కూడా ఇది చట్టం. అక్కడి కస్టమర్లకి అమ్మే మనవాళ్లు గుర్తుపెట్టుకోండి.

ఆ చీర సంగతి

ఉగాదికి ఆరు రోజుల ముందు రాత్రి పదకొండింటికి ఫోన్‌లో ఆర్డర్ నోటిఫికేషన్ వచ్చింది. వంకాయ రంగు చీర, సన్న జరీ అంచు. పేరు చూశా, తనే. ఎవరికీ ఫోన్ చేయలేదు, ఎవర్నీ అడగలేదు. అడ్రస్‌లో వాళ్ల అమ్మగారి ఊరు. అక్క పొద్దున్నే తనే ప్యాక్ చేసింది.

అంతా అయిపోయిందా అంటే, లేదు. కార్డుతో కట్టే పేజీ మా చేతిలో ఉండదు, అది పేమెంట్ కంపెనీది. అక్కడ గడుల పేర్లు చదవడం లేదు, టైమర్ కూడా తొందరపెడుతుంది. అందుకే తను యూపీఐతో కట్టింది. ఆ కంపెనీకి రెండుసార్లు రాశాను. నోట్ చేసుకున్నాం అన్నారు. మూడోసారి కూడా రాస్తా.

ఇంకో విషయం గమనించాం. వాట్సాప్‌లో "ఇది ఏ రంగు అండీ, ఫొటోలో సరిగ్గా తెలీడం లేదు" అనే మెసేజ్‌లు బాగా తగ్గాయి. ఆ రంగుల మాటల్ని ఫొటో కింద కూడా పెట్టాం, చూపున్నవాళ్లు కూడా చదువుకుంటున్నారు.

మీకు షాపు లేకపోవచ్చు. అయినా ఈ వారం ఒక పని చేయండి. టాక్‌బ్యాక్ ఆన్ చేసి, మీరు రోజూ వాడే ఏదో ఒక షాపింగ్ యాప్‌లో పది నిమిషాలు ఏదైనా కొనడానికి ట్రై చేయండి. ఎక్కడ ఆగిపోయారో ఆ కంపెనీ కస్టమర్ కేర్‌కి రెండు లైన్లు రాయండి. ఇన్‌స్టాలో ఏదైనా అమ్ముతుంటే పోస్ట్ పెట్టేటప్పుడు ఆల్ట్ టెక్స్ట్ రాసే చోటు ఉంటుంది, అక్కడ ఒక్క వాక్యం రాయండి. ధర, సైజు పోస్టర్ మీద మాత్రమే కాకుండా కింద అక్షరాల్లో కూడా పెట్టండి.

పండగ రోజు పొద్దున ఆ అమ్మాయి దగ్గర్నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనకాల వాళ్ల అమ్మగారి గొంతు వినిపిస్తోంది, "ఈ రంగు నీకెవరు చెప్పారే?" అని. "ఎవరూ చెప్పలేదమ్మా, నేనే చూసుకుని కొన్నా" అంటోంది తను.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే. వచ్చే వారం కలుద్దాం. ఉంటాను మరి.